ధరణికోట నేర్పిన పాఠము: నేల, నీరు, రాయి

ధరణికోటకు బూర్వనామము ధాన్యకటకము. కృష్ణాతీరమున వెలసిన యీ శాతవాహన నగరపు వైభవమును రాజుల పరాక్రమముతో ముడిపెట్టి వర్ణించుట మనకు వాడుక. కాని యా వైభవమునకు నేలను, నీటిని, రాతిని ఎఱిగిన పనివారి నేర్పును మూలమేయని యిచ్చటి శిథిలములు సాక్ష్యమిచ్చుచున్నవి.

1962 మొదలు 1965 వఱకు జరిగిన త్రవ్వకములలో నిచ్చట నొక నౌకాయాన కాలువయు, సరకులు దింపు రేవుకట్టయు బయల్పడినవి. ఆ కట్ట మొదట కొయ్యతోను, పిమ్మట నిటుకలతోను నిర్మింపబడినది. నది స్వభావము నెఱుగనివారి కిట్టి పని సాధ్యము కాదు. సమీపమున నున్న అమరావతీ మహాచైత్యమునకు వాడిన రాయి పలనాటి సున్నపురాయియే.

ఆ చైత్యమునకు పూర్ణఘటము చెక్కిన ఫలకము నొకదానిని సమర్పించినవాడు విధికుడను చర్మకారుడు. అతడు నాగుడను నుపాధ్యాయుని కుమారుడు. తండ్రి విద్యను, తన వృత్తిని ఒక్క శాసనముననే చెప్పుకొనుటకు అతడు సంకోచింపలేదు.

ఈ శాసనము మమ్ము సిగ్గుపఱచినది. మేము ముప్పది యేండ్లు బాలురకు అమరము జెప్పితిమి. వారివర్గమున నీటికి గల పర్యాయపదము లన్నియు వల్లింపజేసితిమి. కాని గ్రామపు బావిలో నీరు ఏ నెలలో నెంత తగ్గునో కొలిచి రండని యొక్కనాడైన జెప్పలేదు. బావి యెండినచో మెట్టరైతునకు పంట పోవును, అప్పు మిగులును. ఆ కష్టము మన యిండ్లకు గ్రొత్త కాదు.

ఇట్టి లోపమును దీర్ప బూనినవారిలో ఆచార్య గోగినేని రంగనాయకులుగారు ముఖ్యులు. ఆక్స్‌ఫర్డులో జదివి, చెన్నపురిలో నర్థశాస్త్రము బోధించిన యాయన, 1930వ దశకమున స్వగ్రామమైన నిడుబ్రోలులో రైతు విద్యాలయమును నెలకొల్పి, కర్షక యువకులను నాయకులుగా దీర్చిరి. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల వెలసెను. ఒకటి నాయకత్వమునకు, ఒకటి వృత్తిజ్ఞానమునకు దారి చూపెను. నేడు రంగాగారి పేర నున్న వ్యవసాయ విశ్వవిద్యాలయము గుంటూరు సమీపమున లాం గ్రామమున నున్నది. ధరణికోట బాలురకు అది దూరదేశము కాదు.

కావున పోషక మహాశయులకు మా మనవి యొక్కటి. సంఘ మొసగు విద్యార్థి వేతనములలో గొన్నింటిని వ్యవసాయము, భూగర్భశాస్త్రము, నీటిపారుదల యింజనీరింగు, అటవీశాస్త్రము జదువువారికి బ్రత్యేకింపుడు. వేతనము పొందిన విద్యార్థి సెలవులలో దన గ్రామమున బావుల నీటిమట్టమును గొలువవలెను. పొలముల మట్టిని పరీక్షకు బంపవలెను. ఫలితమును గ్రామసభలో దానే చదివి వినిపింపవలెను. తోడివారిని గూడగట్టుకొని పని నడపుటలో నాయకత్వమును, తప్పులేని లెక్క వ్రాయుటలో వృత్తినైపుణ్యమును అలవడును. ఆడుబిడ్డలకును ఇందు సమాన స్థానముండవలెను.

వచ్చు మహాసభనాటికి ఒక్క విద్యార్థియైనను తన గ్రామపు బావుల లెక్కతో నీ వేదికపై నిలిచినయెడల, మా యొజ్జరికపు లోటు కొంత తీఱినదని సంతోషింతుము.