ఉప్పు పేరున్న భాష

కార్లోస్ బులోసాన్‌ను నేను చాలాకాలం పంగసినాన్ భాషా రచయిత అనుకున్నాను. 1946లో వెలువడిన ‘అమెరికా ఈజ్ ఇన్ ది హార్ట్’ చదివితే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఫిలిప్పీన్స్‌లో, లుజాన్ దీవిలోని పంగసినాన్ ప్రాంతం. అందులో బినలోనన్ అనే ఊరు. భూమి పోగొట్టుకున్న రైతు కుటుంబం. కాని ఆయన ఇంటిభాష ఇలొకానో, రాసింది ఇంగ్లీషు. అదే గడ్డ మీద పుట్టిన నవలాకారుడు ఎఫ్. సియొనిల్ హొసే సంగతీ అంతే. మరి ఆ గడ్డ పేరే పెట్టుకున్న భాష ఏమైంది?

ఆ భాషలో ‘అసిన్’ అంటే ఉప్పు. పంగసినాన్ అంటే ఉప్పు చేసే చోటు. లింగయెన్ అఖాతం ఒడ్డున ఉప్పు పండించి బతికిన శ్రామికుల పేరన్నమాట. దొరలు పెట్టింది కాదు.

ఒక భాష వెనకబడితే ‘వాడుక తగ్గింది’ అని రాసి ఊరుకోవడం మన సాహిత్య చరిత్రకారులకు అలవాటు. ఎందుకు తగ్గిందో చెప్పరు. ఇక్కడ కారణం లెక్కల్లోనే ఉంది. 1762లో ఇంగ్లీషువాళ్లు మనీలాను పట్టుకోగానే, బినలతోంగన్ పట్టణంలో హువాన్ దె లా క్రూజ్ పలారిస్ నాయకత్వాన జనం స్పెయిన్ పాలన మీద తిరగబడ్డారు. కప్పం ఆపాలన్నారు, పీడించే అధికారిని తొలగించాలన్నారు. 1765లో పలారిస్‌ను ఉరితీశారు. తిరుగుబాటుకు ముందు 60,383గా ఉన్న జనసంఖ్య ఆ ఏటి లెక్కకు 33,456కు పడిపోయింది. కొందరు చచ్చిపోయారు, కొందరు పారిపోయారు. బినలతోంగన్ పేరు కూడా మిగల్లేదు. ఇవాళ అది సాన్ కార్లోస్. తరువాతి శతాబ్దంలో ఉత్తరాది నుంచి భూమి వెతుక్కుంటూ ఇలొకానో రైతులు తూర్పు తాలూకాలకు తరలివచ్చారు. వాళ్లూ పేదలే. వాళ్లను తప్పుపట్టేవాడు చరిత్ర చదవనట్టే.

భాష చావలేదు. నేటికీ పదిలక్షలకు పైగా మాట్లాడుతున్నారు. 1930లలో మరియా మగ్సానో ‘సిలెవ్’, అంటే ‘వెలుగు’, అనే పత్రిక నడిపారు. కాని బడిలో అమెరికావాళ్ల ఇంగ్లీషు, 1937 నుంచి జాతీయభాషకు పునాదిగా తగలోగ్. వీటి మధ్య సొంతభాషలో రాసేవాడికి అచ్చు ఎక్కడ, కొని చదివేవాడెక్కడ? 2012లో ప్రాథమిక తరగతుల్లో బోధనాభాషల జాబితాలో పంగసినాన్‌కు చోటు దొరికింది. పన్నెండేళ్లు తిరిగేసరికి, 2024 చట్టం మాతృభాషలో తప్పనిసరి బోధనను ఎత్తివేసింది. పంతుళ్లు, పుస్తకాలు చాలవన్న మాట అక్కడ తరచు వినిపించింది. చాలేలా చేయవలసిన వాళ్లే ఆ మాటా అన్నారు.

బులోసాన్ పుస్తకం మళ్లీ తీశాను. అందులో తల్లి ఉప్పుచేపలు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముతుంది. ఆమె ఏ ఊళ్లో ఏ భాషలో బేరమాడిందో ఈసారి వెతుకుతున్నాను.