మూడో నంబరు హెచ్చరిక

కొండవాలు మీద పేరుకున్న మంచు ఎప్పుడు విరిగిపడుతుందో చెప్పడం శాస్త్రజ్ఞుల పని అనుకుంటాం. ఆ చరిత్ర చదివాక, రిజిస్టర్లు రాసి బతికిన నాకు అందులో మన గుమాస్తా పనే ఎక్కువ కనిపించింది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1916 డిసెంబరు 13న, ఆల్ప్స్ పర్వతాల్లోని మార్మొలాడా కొండ మీద ఆస్ట్రియా సైనిక శిబిరాన్ని మంచు ముంచేసింది. 200 మందికి పైగా పోయారు. ఆ చోటు క్షేమం కాదు, మార్చడానికి అనుమతించండి అని శిబిరం కెప్టెన్ ష్మిడ్ ముందే పైఅధికారికి రాశారు. పైవారు ఒప్పుకోలేదు. (అలాంటి ఉత్తరాలకు ఎలాంటి జవాబులొస్తాయో మన సభ్యులకు నేను చెప్పాలా!)

1936లో స్విట్జర్లాండులోని దావోస్ ఊరిపైన, 2,500 మీటర్లకు మించిన ఎత్తున, కొద్దిమంది పరిశోధకులు ఒక మంచు గుడిసెలో పని ప్రారంభించారు. కొత్త మంచు ఎంత పడిందో కొలవడం, గొయ్యి తీసి పొరలు చూడడం, రాసిపెట్టడం. క్రమంగా తేలిందేమంటే, పైమంచు గట్టి పలకలా ఉన్నా దాని అడుగున పంచదార పలుకుల్లాంటి వదులు పొర ఉంటే, 30 డిగ్రీలు దాటిన వాలు మీద ఒక్క మనిషి బరువుకే ఆ పలక తెగి జారవచ్చు. శీతకాలంలో కొండలెక్కేవారి ప్రాణాలు తీసిన మంచు చరియల్లో ఎక్కువ భాగం వారో, వారి తోటివారో కదిలించినవే.

1993లో ఐరోపా దేశాలు ఈ ప్రమాదాన్ని ఒకటి నుంచి అయిదు నంబర్లుగా విభజించాయి. నాలుగు, అయిదు ఉన్ననాడు చాలామంది ఇల్లు కదలరు. మూడు ఉన్ననాడు, నడిమి నంబరే కదా అని బయల్దేరతారు. స్విట్జర్లాండు లెక్కల్లో సుమారు సగం చావులు ఆ మూడో నంబరు నాడే. పైగా ఆ నంబరు ప్రాంతం మొత్తానికి ఇచ్చినది, మన కాలికింది వాలుకు కాదు. స్విస్ పర్వతారోహకుడు వెర్నర్ ముంటర్ 1990లలో ఒక సులువైన లెక్క చెప్పారు: నంబరు రెండైతే 40, మూడైతే 35, నాలుగైతే 30 డిగ్రీల లోపు వాలులోనే నడవాలి. మోటు లెక్కే. చలిలో అలసినవాడికి అంతకన్నా ఏం గుర్తుంటుంది?

మన సైన్యం అవసరాల కోసం 1969లో మనాలీలో ఇలాంటి పరిశోధన సంస్థ వెలిసింది. అయితే సరిహద్దు కాపలాలో ఉన్న సైనికుడికి వాలు ఎంచుకునే వీలుండదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, 19,600 అడుగుల ఎత్తున ఉన్న స్థావరం మీద మంచు విరిగిపడి పదిమంది కూరుకుపోయారు. అయిదు రోజులు దాటాక ఒకరిని ప్రాణంతో బయటికి తీశారు. ఆయన కూడా ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆ పదిమందిలో ఒకరిది అప్పటి మన కర్నూలు జిల్లా.