రిషి వ్యాలీ పాఠశాల ప్రాంగణం

ఆంధ్రప్రదేశ్‌లో మదనపల్లెకు చేరువగా, బండరాళ్ల కొండల నడుమ ఉన్న లోయలోని రెసిడెన్షియల్ పాఠశాల రిషి వ్యాలీ. దీని స్థాపకుడు, తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలోనే పుట్టారు. 1920ల మధ్యలో విద్యాసంస్థకు చోటు వెతుకుతూ వచ్చిన ఆయన ఈ లోయలోని మహా మర్రిచెట్టు దగ్గర ఆగి, ఇదే తగిన చోటనుకున్నారు. లోయకు పేరు పక్కనున్న రిషికొండ నుంచి వచ్చింది. మద్రాసులోని గిండీ ప్రాంతంలో నడుస్తున్న బడి 1931లో ఇక్కడికి తరలివచ్చింది. మామూలుగా నేలను చదును చేసి, గదులు కట్టి, మిగిలిన జాగాలో మొక్కలు నాటుతారు. ఇక్కడ చెట్టు ముందు, బడి తర్వాత. ఈ ప్రాంగణం ప్రత్యేకతంతా ఆ వరుసలోనే ఉంది.

ఇది రాయలసీమ మెట్ట నేల. వాన కొద్దిరోజులే, కురిస్తే కుండపోత. కొండ బోడిగా ఉంటే నీరు మట్టిని కూడా ఊడ్చుకుపోతుంది. అందుకే వాలుల్లో పశువుల మేతనూ కట్టెలు కొట్టడాన్నీ అదుపు చేసి, చెట్లు పెంచారు, ఊటకుంట తవ్వారు. కుంటలో నిలిచిన నీరు మెల్లగా ఇంకి భూగర్భ జలాన్ని నిలబెడుతుంది. మేత తగ్గిన వాలులో నరికిన మోళ్లు వాటంతటవే చిగురిస్తాయి. నాటిన మొక్క కన్నా, వేరు బతికున్న మోడు త్వరగా పొద అవుతుంది.

పొదలతో పాటే పక్షులు పెరిగాయి. 1991లో లోయను పక్షి సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఇక్కడ రెండు వందలకు పైగా జాతులు నమోదయ్యాయి. వాటిలో ముఖ్యమైనది పసుపు గొంతు పిగిలిపిట్ట. దక్షిణ భారత రాతికొండల్లో తప్ప మరెక్కడా కనిపించని ఈ పిట్ట, బండల మధ్య దట్టమైన తుప్పల్లో తిరుగుతుంది. ముళ్లపొదను చెత్తగా భావించి శుభ్రం చేసే బడిలో దీనికి చోటుండదు. ప్రాంగణాన్ని అద్దంలా ఉంచాలన్న తాపత్రయం పిల్లల నుంచి ఎన్ని పిట్టలను దూరం చేస్తుందో మన బడులు ఆలోచించాలి.

ఆరుబయట చదువంటే ఇక్కడ ఏడాదికోసారి వెళ్లే విహారయాత్ర కాదు. పక్షులను గమనించడం, కొండలెక్కడం బడి జీవితంలో భాగం. సాయంత్రం ‘అస్తాచల్’ పేరుతో పిల్లలంతా ఒకచోట కూర్చుని, సూర్యుడు కొండల వెనక్కి దిగేదాకా మాట్లాడకుండా చూస్తారు. పరీక్షకు రాని ఈ సమయాన్ని టైంటేబుల్లో కాపాడుకోవడం భవనాలు కట్టడం కన్నా కష్టం.

ప్రాంగణం నుంచి నడిచే గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులను నిర్వహిస్తోంది. అక్కడ వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో, అభ్యాస కార్డుల సాయంతో ఎవరి వేగాన వారు చదువుకుంటారు.