యాష్‌వెల్ సెయింట్ మేరీ చర్చి

యాష్‌వెల్ సెయింట్ మేరీ చర్చి ఇంగ్లాండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ కౌంటీలో ఉన్న మధ్యయుగపు గ్రామ చర్చి. ఇది ప్రధానముగా 14వ శతాబ్దములో నిర్మితమైనది. దీని గోపురము ఎత్తు సుమారు 176 అడుగులు.

పిల్లలకు ఈ చర్చి చరిత్రను పరిచయం చేయుటకు గోపురము లోపలి ఉత్తరపు గోడకు మించిన పాఠ్యపుస్తకము లేదు. అక్కడి మెత్తని సుద్దరాయిపై పేరు తెలియని వారెవరో లాటిన్ భాషలో వ్రాతలు గీశారు. ఇవి రాజులు వేయించిన శాసనాలు కావు. 1349లో వచ్చిన ప్లేగు, 1350 నాటికి ప్రాణాలతో మిగిలిన వారి దైన్యము, 1361 జనవరిలో వీచిన పెనుగాలి వీటిలో నమోదయ్యాయి. అప్పట్లో ఇంగ్లాండులో సంవత్సరము మార్చి 25న మొదలయ్యేది కనుక, నేటి లెక్కలో ఆ గాలి 1362 నాటిది. గీతలు లోతు తక్కువ. దీపమును గోడకు పక్కగా పట్టి చూపిస్తే పిల్లలు అక్షరాలను గుర్తించగలరు. వ్రాతల క్రింద ఒక పెద్ద చర్చి బొమ్మ ఉంది. అది 1666 నాటి లండన్ అగ్నిప్రమాదములో కాలిపోయిన పాత సెయింట్ పాల్ కెథడ్రల్‌దని భావిస్తారు.