మన్నళ్ళి ప్రాంతపు ఇంటి భోజనం

మన్నళ్ళి కర్ణాటకలోని బీదర్ తాలూకాకు చెందిన గ్రామం. బీదర్ జిల్లాకు తూర్పున తెలంగాణ, పడమరన మహారాష్ట్ర ఉన్నాయి. ఇళ్ళలో, సంతల్లో కన్నడం, తెలుగు, మరాఠీ, దక్కనీ ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. ఈ ప్రాంతపు రోజువారీ భోజనానికి జొన్న రొట్టె ఆధారం. దాని పక్కన ఒక పప్పో కూరో, ఒక పొడి లేదా తొక్కు, దొరికితే మజ్జిగ ఉంటాయి. సాధారణ రైతు ఇంట్లో పూటకు ఒక్క కూరే వండుతారు. పళ్ళెంలో రెండోది కనిపించిందంటే అది చాలాసార్లు పక్కింటి గిన్నెలో వచ్చినదే. అందుకే ఇక్కడి తిండిని ఇంటింటికీ విడిగా వివరించలేం. వాడకట్టు మొత్తాన్నీ కలిపి చూడాలి.

సరిహద్దు

1956 నవంబరు 1కి ముందు ఈ ప్రాంతమంతా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో అప్పటి బీదర్ జిల్లా మూడు ముక్కలైంది. అహ్మద్‌పూర్, నీలంగా, ఉద్గీర్ తాలూకాలు మరాఠీ ప్రాంతంతో కలిశాయి. నారాయణఖేడ్ తాలూకా, నిర్ణా సర్కిల్ మినహా జహీరాబాద్ తాలూకా, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్ ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. మిగిలినది మైసూరు రాష్ట్రానికి, అంటే నేటి కర్ణాటకకు వచ్చింది. గీత సర్కిళ్ళ స్థాయిలో గీశారు కాబట్టి పిల్లనిచ్చిన ఊరు ఒక రాష్ట్రంలో, తెచ్చుకున్న ఊరు మరో రాష్ట్రంలో పడ్డాయి. వంట మాత్రం విడిపోలేదు. జహీరాబాద్ వైపు పుంటికూర అనే ఆకును కన్నడ ఇళ్ళలో పుండి అంటారు, మరాఠీలో అంబాడీ, దక్కనీలో అంబాడా. ఒకే ఆకు, ఒకే పులుపు. కన్నడ ఇంట్లో దాన్ని కందిపప్పు, జొన్న నూకతో కలిపి ఉడికించి వెల్లుల్లి తాలింపు పెడతారు. తెలుగు ఇంట్లో పప్పులో వేస్తారు లేదా తొక్కు నూరుతారు. ముస్లిం ఇంట్లో మాంసంతో కలిపి వండుతారు.

రొట్టె

జొన్నపిండిలో గోధుమపిండికి ఉండే జిగురు ఉండదు. కాబట్టి చల్లటి నీళ్ళతో కలిపితే ముద్ద నిలవదు. మరుగుతున్న నీళ్ళు పోసినప్పుడు పిండిపదార్థం కొంత ఉడికి పట్టు వస్తుంది. ఆ ముద్దను అరచేతి అడుగుభాగంతో బాగా మెదిపి, పీట మీద పొడిపిండి చల్లి, రెండు చేతులతో తిప్పుతూ తడతారు. తట్టిన రొట్టెను కాలిన పెంక మీద వేసి, పైవైపు తడిచేత్తో నీళ్ళు పూస్తారు. నీరు ఇగిరిపోయే క్షణంలో తిప్పేయాలి. ఆలస్యమైతే బీటలు వారుతుంది. చివరగా పొయ్యి నోటి దగ్గర నిప్పులకు ఆనిస్తే పూరీలా పొంగుతుంది. నేర్చుకునే అమ్మాయికి తట్టడం కంటే ఆ నీళ్ళ తడి ఎంత ఉండాలో తెలియడమే కష్టం. దాన్ని మాటల్లో చెప్పిన వాళ్ళు లేరు. పక్కన కూర్చుని చూడాల్సిందే.

పిండి పాతబడితే ఎంత వేడినీళ్ళు పోసినా రొట్టె విరుగుతుంది. అందుకే గిర్నీకి కొద్దికొద్దిగా, తరచుగా జొన్నలు పంపుతారు. రొట్టెకు దక్కనులో పేరున్నది మాల్దండి రకం జొన్న. అది యాసంగి పంట. సెప్టెంబరు, అక్టోబరుల్లో విత్తితే నల్లరేగడి దాచుకున్న తేమతోనే పెరిగి ఫిబ్రవరి, మార్చి నాటికి కోతకొస్తుంది. వానాకాలపు జొన్న గింజ కోత సమయంలో తడిసి నల్లబడే ప్రమాదం ఉంది. యాసంగి గింజ తెల్లగా, తియ్యగా ఉంటుంది.

మెత్తని రొట్టె ఆ పూటకు, మరుసటి పొద్దుటికి సరిపోతుంది. పలుచగా తట్టి పూర్తిగా ఎండేలా కాల్చిన కడక్ రొట్టె వారాల తరబడి నిలుస్తుంది. పయనాలకూ పెళ్ళిళ్ళకూ అదే. రాత్రి మిగిలిన రొట్టెను పొద్దున మజ్జిగలో నానబెట్టి ఉల్లిపాయతో తినడం పొలానికి వెళ్ళే వాళ్ళ సద్ది. కన్నడంలో దాన్నే బుత్తి అంటారు. జొన్నపిండితో అంబలి, జొన్న రవ్వతో గట్క కూడా చేస్తారు. కానీ రొట్టె లేని పూటను భోజనంగా లెక్కపెట్టని పెద్దలు ఇప్పటికీ ఉన్నారు.

పప్పు, ఆకు, పొడి

వర్షాధార పొలంలో ఒకే పంట వేయడం ఈ ప్రాంతపు పాత పద్ధతి కాదు. జొన్న సాళ్ళ మధ్య కంది, పక్కన పెసర, మినుము, గట్టు వెంట పుంటి, అక్కడక్కడా నువ్వులు ఉండేవి. పెసర, మినుము ముందుగా చేతికొచ్చి శ్రావణ, భాద్రపదాల్లో ఇంటిని ఆదుకుంటాయి. కంది పుష్య మాసం దాకా నిలబడుతుంది. పొరుగున కలబురగి కందిపప్పుకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. బీదర్ ఇళ్ళలో పప్పు అంటే మొదట తలపుకొచ్చేదీ కందే. యాసంగి జొన్న చుట్టూ కుసుమ వేసేవారు. దాని ముళ్ళకు పశువులు లోపలికి రావు, గింజలు నూనెనిస్తాయి.

ఆకుకూరల్లో సగం విత్తనివే. వానలు పడగానే పొలంలో గంగవాయిలి, దొగ్గలి, చెంచలి, తుమ్మి మొలుస్తాయి. కలుపు తీసే ఆడవాళ్ళు వాటిని కొంగులో వేసుకుని ఇంటికి తెస్తారు. ఆ రోజు కూర ఏమిటో చేను నిర్ణయిస్తుంది. శనగ చేనులో లేత కొసలు తుంచితే మొక్క మరిన్ని కొమ్మలు వేస్తుంది, తుంచిన ఆకు కూరవుతుంది. దాన్ని ఎండబెట్టి వేసవికి దాచుకునే ఇళ్ళూ ఉన్నాయి. కలుపుమందు పిచికారీ వచ్చిన చోట ఈ విత్తని ఆకులు మొదట పోయాయి. వీటిని కొనాల్సిన అవసరం ఎవరికీ ఉండేది కాదు కాబట్టి ఆ నష్టం ఏ ధరల పట్టికలోనూ నమోదు కాలేదు. పేదింటి పళ్ళెంలో మాత్రం అది పెద్ద నష్టం.

పొడుల్లో ముఖ్యమైనది పల్లీలది. వేయించిన పల్లీలు, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు కలిపి దంచుతారు. కన్నడంలో శేంగా హిండి. అవిసె గింజలతో, వెర్రినువ్వులతో కూడా ఇలాగే చేస్తారు. కూర లేని పూట రొట్టె మీద ఈ పొడి, కాస్త నూనె లేదా పెరుగు. ఇంకొంచెం ఓపిక ఉంటే శనగపిండితో జుణక చేస్తారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేగాక నీళ్ళు పోసి, పిండి చల్లుతూ కలిపితే కొద్దిసేపట్లో అయిపోతుంది.

పోషణ

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు, దాదాపు అంతే పీచు ఉన్నాయి. పాలిష్ పట్టిన బియ్యంలో మాంసకృత్తులు 8 గ్రాముల దగ్గర, పీచు 3 గ్రాముల లోపు. జొన్నలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పులో అది ఎక్కువ. రెండూ ఒకే పళ్ళెంలో చేరితే లోటు తీరుతుంది.

జొన్నను పొగిడే రాతలు తరచుగా వదిలేసే సంగతి ఒకటుంది. దక్కనులో జొన్న తప్ప వేరే తిండి దొరకని కూలీల్లో పెల్లాగ్రా కనిపించేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొరలు లేవడం, విరేచనాలు, మతి చెదరడం దాని లక్షణాలు. జొన్నలో ల్యూసిన్ ఎక్కువగా ఉండటం దీనికి ఒక కారణమని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన మీద తరవాత చాలా చర్చ జరిగింది. వ్యాధికి మూలం నియాసిన్ లోటు అన్నది మాత్రం నిశ్చయం. పల్లీల్లో నియాసిన్ పుష్కలంగా ఉంటుంది. రొట్టె పక్కన వేసుకునే పిడికెడు పల్లీల పొడి రుచి కోసమే అనుకోకూడదు. పప్పు, పొడి, ఆకు, మజ్జిగ కలిస్తేనే జొన్న రొట్టె పూర్తి భోజనం. ఒట్టి రొట్టె పేదరికమే.

‘ఏం కూర?’

పొద్దు గూకే వేళ గోడ అవతలి నుంచి వినిపించే పలకరింపు తెలుగు ఇళ్ళలో ఇలా సాగుతుంది: “ఏం కూరొండినవ్ వదినా?” “పుంటికూర పప్పు. నువ్వేం జేసినవ్?” “వంకాయ. గిన్నె పంపు, ఇంత ఏస్త.” కన్నడంలో ఊట ఆయ్తా అని, మరాఠీలో జేవణ్ ఝాలా కా అని, దక్కనీలో ఖానా హువా అని అడుగుతారు. ఇది పలకరింపే కాదు, ఏర్పాటు కూడా. ఎవరింట్లో పప్పు ఉంది, ఎవరింట్లో పొయ్యి వెలగలేదు, ఎవరికి జ్వరం, ఎవరింటికి చుట్టాలొచ్చారు అన్నీ ఈ ఒక్క ప్రశ్నతో తెలుస్తాయి. చుట్టాలొచ్చిన ఇంటికి అడగకుండానే రొట్టెలు వెళ్తాయి. బాలింత ఉన్న ఇంటికి, చావు జరిగిన ఇంటికి వండి పంపడం బాధ్యత. చావింట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి ఆ కుటుంబం తినేది బంధువుల, పొరుగువాళ్ళ వంటే.

వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు. వెంటనే వండినది లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలో, గుప్పెడు పల్లీలో వేస్తారు. పాడి ఉన్న ఇల్లు మజ్జిగను అమ్మదు. చిలికిన పూట అడిగిన వాళ్ళకు పోస్తుంది.

ఈ పంపకానికి హద్దులు ఉండేవి, కొన్ని ఇంకా ఉన్నాయి. శాకాహార లింగాయత ఇల్లు మాంసం వండే ఇంటికి పప్పు పంపుతుంది కానీ అక్కడి నుంచి వండినది తీసుకోదు. పచ్చి కూరగాయలు, పండ్లు తీసుకుంటుంది. దళితవాడకు తరతరాలుగా రొట్టె వెళ్ళింది పంచుకున్నట్టు కాదు, పనికి బదులుగా, దూరం నుంచి, పైనుంచి కిందికి వేసినట్టు. ఆ గిన్నె తిరిగి రావడాన్ని పై ఇల్లు ఒప్పుకోలేదు. పల్లెల్లో కలిసి తినడం గురించి మురిసిపోయే వాళ్ళు ఈ భాగాన్ని దాటేయడం అన్యాయం. ఇదే జిల్లాలోని బసవకల్యాణంలో 12వ శతాబ్దంలో బసవణ్ణ, తోటి శరణులు కాయకంతో పాటు దాసోహాన్ని ధర్మంగా చెప్పింది ఈ హద్దులకు ఎదురుగానే. కష్టపడి సంపాదించినది అందరితో కలిసి తినాలన్నది వాళ్ళ మాట. హుమ్నాబాద్ దగ్గర మాణిక్‌నగర్‌లో మాణిక్ ప్రభు సంస్థానపు అన్నదానం, బీదర్ పట్టణంలో గురునానక్ ఝిరా సాహిబ్ గురుద్వారా లంగరు కూడా ఈ జిల్లాలోనే ఉన్నాయి. లంగరులో ఎవరైనా వరుసలో కింద కూర్చుని తినొచ్చు.

ఎళ్ళ అమావాస్య

ఇంటి భోజనం పొలానికి కదిలే రోజు మార్గశిర బహుళ అమావాస్య. డిసెంబరు రెండో సగంలోనో జనవరి మొదటి సగంలోనో వస్తుంది. బీదర్, కలబురగి జిల్లాల్లో ఇది సంక్రాంతి కంటే పెద్ద పండుగ. మహారాష్ట్ర వైపు లాతూర్‌లో దీన్నే వేళా అమావాస్య అంటారు. రెండు రోజుల ముందు నుంచే వంట మొదలవుతుంది. నువ్వులద్దిన సజ్జ రొట్టెలు, జొన్న అంబలి, పోళీలు చేస్తారు. అన్నిటికీ మించి భజ్జి. నూనెలో వేయించే బజ్జీ కాదిది. ఆ కాలంలో దొరికే చిక్కుడు, వంకాయ, పచ్చి కంది, పచ్చి శనగ గింజలు, మెంతికూర, దుంపలు కలిపి ఉడికించి శనగపిండితో చిక్కగా చేసిన కూర.

చేనులో జొన్న చొప్పతో చిన్న పందిరి వేసి, లోపల రాళ్ళను పాండవులుగా నిలిపి, లక్ష్మిని పూజిస్తారు. వండి తెచ్చిన దానిలో కొంత చేను చుట్టూ చల్లుతారు, దాన్ని చరగ అంటారు. ఆ తరవాత భోజనం. ఆ రోజు దారిన పోయే మనిషిని పిలవకుండా తినకూడదు. పొలం లేని వాళ్ళు, పట్టణంలో ఉద్యోగం చేసే వాళ్ళు, వేరే మతం వాళ్ళు ఏదో ఒక చేనుకు అతిథులుగా వెళ్తారు. చాలామంది ఒకే మధ్యాహ్నం రెండు మూడు చేలల్లో తింటారు. ఏ ఇంటి భజ్జిలో ఉప్పు సరిపోయిందో, ఏ ఇంటి అంబలి పులిసిందో తరవాత వారం పాటు మాట్లాడుకుంటారు.

మార్పు

తెలంగాణ వైపు కిలో రెండు రూపాయల బియ్యం 1983లో వచ్చింది. కర్ణాటకలో అన్నభాగ్య పథకం 2013 జులైలో కిలో రూపాయి బియ్యంతో మొదలై, 2015 మే నుంచి బియ్యం ఉచితమైంది. ఆకలిని తగ్గించిన పథకాలివి. వాటిని తక్కువ చేసి మాట్లాడటం కడుపు నిండిన వాళ్ళకే సాధ్యం. అయితే బియ్యం రాకతో రాత్రి భోజనం మారింది. గంటసేపు పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు తట్టే పని అన్నం కుక్కర్‌తో తప్పింది. పొలం పని, ఇంటి పని రెండూ మోసే ఆడవాళ్ళకు ఇది నిజమైన ఉపశమనం. చాలా ఇళ్ళలో ఇప్పుడు పొద్దున రొట్టె, రాత్రి అన్నం.

పొలంలో మార్పు ఇంకా లోతైనది. బీదర్ నేడు కర్ణాటకలో సోయాబీన్ ఎక్కువగా పండించే జిల్లా. వానాకాలం జొన్న, పెసర, మినుము ఉన్న చోట్ల చాలా మేరకు సోయా వచ్చింది. అది మిల్లుకు వెళ్ళే పంట. దాంతో ఇంట్లో ఎవరూ కూర వండరు. చేతికి డబ్బు వస్తుంది, పప్పు దుకాణం నుంచి వస్తుంది.

దీనికి భిన్నమైన దారి సరిహద్దుకు అవతల కనిపిస్తుంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో మహిళా రైతులు సంఘాలుగా ఏర్పడ్డారు, వాళ్ళలో అధిక శాతం దళితులు. బీడు భూములను సాగులోకి తెచ్చి, పండిన జొన్నలను ఊళ్ళోనే నిల్వ చేసి, పేద కుటుంబాలకు తక్కువ ధరకు అందించారు. పాత విత్తనాలను ఇళ్ళలో దాచారు. మాచనూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియోను వాళ్ళే నడిపారు. ఒకప్పుడు పైనుంచి పడే రొట్టె కోసం నిలబడిన వాడ తానే ధాన్యం నిల్వ చేసి పంచే స్థితికి వచ్చింది. ఈ ప్రాంతపు భోజన చరిత్రలో ఇంతకంటే పెద్ద మలుపు లేదు.

బీదర్ వైపు పిల్లల పగటి భోజనం బడికి మారింది. అక్షర దాసోహ పేరుతో నడిచే మధ్యాహ్న భోజనంలో అన్నం, సాంబారు ప్రధానం. 2021 డిసెంబరులో ప్రభుత్వం బీదర్ సహా ఏడు జిల్లాల బడుల్లో గుడ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కొన్ని మఠాలు అభ్యంతరం చెప్పాయి. గుడ్డు తినని పిల్లలకు అరటిపండు ఇచ్చారు. ఇటు నుంచి పనికోసం హైదరాబాద్ వెళ్ళిన కుటుంబాలు మాత్రం రొట్టెను వదల్లేదు. అక్కడ సాయంత్రం వీధి చివర పెంక పెట్టి జొన్న రొట్టెలు కాల్చి అమ్మే ఆడవాళ్ళ దగ్గర వరుసలో నిలబడేది పల్లె నుంచి వచ్చిన కూలీలే కాదు, చక్కెర వ్యాధి వచ్చాక అన్నం తగ్గించిన నగరవాసులు కూడా.