ఉద్దానం ముంగిట అడుగు కెరటాలు

శ్రీకాకుళం జిల్లాలోని బారువ, భావనపాడు రేవుల్లో నిలబడితే కనిపించేది సముద్రం పైపొర ఒక్కటే. బోటులో తూర్పుకు పోగా పోగా, తీరాన్ని ఆనుకున్న మెరక ముగిసి నేల లోతుకు జారిపోయే అంచు వస్తుంది. నీటి లోపలి పోటు పుట్టేది అక్కడే.

ఎండకు కాగి, నదుల మంచినీరు కలిసిన తేలిక నీరు పైన ఉంటుంది. చల్లని, ఉప్పని బరువు నీరు కింద. పన్నెండు గంటల పాతిక నిమిషాలకోసారి వచ్చే పోటు ఆ వాలును ఎక్కి దిగుతుంటే రెండు పొరల హద్దు ఊగుతుంది. బరువులో తేడా వెయ్యింట కొద్ది పాళ్లే కనుక ఆ హద్దు మీటర్ల కొద్దీ, ఒక్కోసారి పదుల మీటర్లు లేచి పడుతుంది. పైన మాత్రం జానెడు ఎత్తయినా కనిపించదు. పొరల హద్దున సాగే ఈ ఊపులే అడుగు కెరటాలు.

1762లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఓడలోని దీపపు గాజులో పైనున్న నూనె నిశ్చలంగా ఉండగా దాని కింది నీరు ఇలాగే ఊగడం గమనించాడు. 1893లో ఆర్కిటిక్‌కు బయలుదేరిన నార్వే అన్వేషకుడు నాన్సెన్ ఓడ ‘ఫ్రామ్’ ఉప్పునీటిపై పరుచుకున్న మంచినీటిలో చిక్కి వేగం కోల్పోయింది. అడుగు కెరటాలను లేపడానికే ఓడ బలం ఖర్చవుతోందని 1904లో స్వీడన్ శాస్త్రవేత్త ఎక్‌మన్ తేల్చాడు.

బంగాళాఖాతంలో ఈ శోధన విశాఖలోని వాల్తేరు నుంచి సాగడం మనకు గర్వకారణం. అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అప్పటి ఉష్ణమాపకాన్ని తీగకు కట్టి ఓడ మీంచి దించేవారు. అది దిగుతుంటే లోపలి ముల్లు పొగపట్టించిన చిన్న గాజుపలకపై లోతును, వేడిమిని ఒకే గీతగా గీసేది. అదే చోట మళ్లీ మళ్లీ దించితే ఆ గీత పోటు వేళలను అనుసరించి పైకీ కిందికీ జరిగింది. లాఫాండ్, పూర్ణచంద్రరావు 1954లో ఈ సంగతి ప్రచురించారు. 

తర్వాత చూపు ఆకాశానికెక్కింది. 1975లో అపోలో–సోయుజ్ వ్యోమగాములు తీసిన ఫొటోల్లో అండమాన్ సముద్రంపై పొడవాటి చారలు కనిపించాయి. అవి అడుగు కెరటాల జాడలని ఓస్బోర్న్, బర్చ్ అనే శాస్త్రవేత్తలు 1980లో కొలతలతో చూపారు. 2019లో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ పరిశోధకులు పశ్చిమ బంగాళాఖాతపు లోపలి పోటును కంప్యూటర్ నమూనాలో లెక్కగట్టారు.

ఈ విద్య ఇప్పుడు శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం పల్లెలకు చేరాలి. అడుగు కెరటం సాగేటప్పుడు పై నీరు ఒకవైపు, కింది నీరు ఎదురుగా పారతాయి. వల దించేవారికి ఆ తేడా తెలియాలి. కింది చల్లనీటితో పాటు పోషకాలూ పైకొస్తాయి, వాటి వెంట చేపల మేతా పెరుగుతుంది. చేపల జాడ చెప్పే సూచనలకు ఆధారమైన ఉపగ్రహ చిత్రాలు చాలావరకు సముద్రపు పైతోలునే చూస్తాయి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వంటి తుపాన్ల బలం కూడా పై నీటి వేడిమిపైనే కాదు, ఆ వేడి ఎంత లోతువరకు ఉందన్న దానిపైనా ఆధారపడుతుంది.

విశాఖ, గోపాల్‌పూర్‌ల ఎదుట లోపలి నీటిని ఏళ్లుగా కొలుస్తున్నారు. ఆ రెంటి నడుమనున్న ఉద్దానం అంచున కూడా ఏడాది పొడవునా లోతులవారీగా వేడిమిని, ప్రవాహాన్ని కొలిచే పరికరాలు నిలపాలి. ఆ కొలతలు తెలుగులో, వేటకు బయలుదేరే ముందే, రేవులకు అందాలి. డెబ్బై ఏళ్ల కిందట వాల్తేరులో మొదలైన పనికి ఇదే న్యాయమైన కొనసాగింపు.