మారుతీ జిప్సీ సస్పెన్షన్ మెరుగుదల

మారుతీ జిప్సీ భారతదేశంలో 1985 నుండి తయారైన తేలికపాటి ఫోర్ వీల్ డ్రైవ్ వాహనం. కొండదారులు, అడవి బాటలు, ఇసుక నేలల కోసం రూపొందించిన ఈ వాహనానికి ముందు, వెనుక కూడా కమాను కట్టలు, అనగా లీఫ్ స్ప్రింగులు ఉంటాయి. ఇవి బరువు మోయడానికి అనుకూలమైనవే అయినా, తారురోడ్డుపై నిత్యం తిరిగేవారికి చాలా కుదుపులు కలిగిస్తాయి. అందువలన జిప్సీ యజమానులలో పలువురు సస్పెన్షన్‌లో మార్పులు చేయించుకుంటారు. స్ప్రింగులను మెత్తబరచడం ఒక్కటే ఈ మార్పుల లక్ష్యం కాదు. వాహనం మోసే బరువుకు, స్ప్రింగు గట్టిదనానికి, షాక్ అబ్జార్బరు నిరోధానికి పొంతన కుదర్చడం అసలు లక్ష్యం. ఈ పొంతన చెడితే ప్రయాణసుఖం లభించకపోగా బ్రేకు, స్టీరింగుల పనితీరు కూడా దెబ్బతింటుంది.

నేపథ్యం

జపానుకు చెందిన సుజుకీ సంస్థ 1970లో జిమ్నీ అనే చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాన్ని విడుదల చేసింది. 1981లో వచ్చిన దాని రెండవ తరానికి చెందిన పొడవైన నమూనా ఆధారంగా మారుతీ ఉద్యోగ్ సంస్థ 1985లో జిప్సీని ప్రవేశపెట్టింది. మొదట దీనికి 970 సి.సి. ఇంజను ఉండేది. 1993లో చక్రాల మధ్య వెడల్పును పెంచారు. 1996లో 1.3 లీటర్ల ఇంజనుతో జిప్సీ కింగ్ వచ్చింది. భారత సైన్యం, పోలీసు శాఖలు, మోటారు ర్యాలీల వలన ఈ వాహనం దేశమంతటా పరిచితమైంది. 2019 నాటికి సాధారణ కొనుగోలుదారులకు దీని అమ్మకం నిలిచిపోయింది.

1998లో వచ్చిన మూడవ తరం జిమ్నీలో సుజుకీ సంస్థ కమాను కట్టలకు బదులు కాయిల్ స్ప్రింగులను వాడింది. భారతదేశంలో 2023లో విడుదలైన ఐదు తలుపుల జిమ్నీలో కూడా కాయిల్ స్ప్రింగులే ఉన్నాయి. జిప్సీ మాత్రం చివరి వరకు కమాను కట్టలతోనే తయారైంది. నేడు రోడ్లపై ఉన్న జిప్సీలన్నీ కొన్నేళ్ళు వాడినవే. కనుక వీటిలో కలిగే కుదుపులకు మూల రూపకల్పన కొంత, భాగాల అరుగుదల కొంత కారణం. మార్పులకు పూనుకొనే ముందు ఈ రెంటినీ వేరు చేసి చూడవలసి ఉంటుంది.

అసలు అమరిక

జిప్సీ ముందు ఇరుసు, వెనుక ఇరుసు రెండూ ఏకఖండమైనవి. ఒక ప్రక్క చక్రం గుంతలో పడితే ఇరుసు వంగి, ఆ కదలిక రెండవ చక్రానికి కూడా చేరుతుంది. ప్రతి ఇరుసుకు ఇరువైపులా ఒక్కొక్క కమాను కట్ట ఉంటుంది. ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలను మధ్యబోల్టుతో కలిపి, యు-బోల్టులతో ఇరుసుకు బిగిస్తారు. కట్ట ఒక కొన ఛాసిస్‌కు నేరుగా, రెండవ కొన షాకిల్ ద్వారా తగులుకొని ఉంటుంది. కట్ట వంగినపుడు దాని పొడవులో వచ్చే మార్పుకు షాకిల్ చోటిస్తుంది.

కమాను కట్ట బరువు మోయడమే కాక, ఇరుసు ముందు వెనుకలకు, ప్రక్కలకు జరగకుండా పట్టి ఉంచుతుంది. బ్రేకు వేసినపుడు ఇరుసు మెలితిరగకుండా నిరోధించేదీ ఇదే. కట్టలో చేసే ఏ మార్పయినా ఈ పనులన్నింటిపై ప్రభావం చూపుతుంది.

కుదుపులకు కారణాలు

బరువు తేడా: జిప్సీ సొంత బరువు సుమారు 1000 కిలోలు. ఇది మరో 500 కిలోల వరకు మోయగలదు. నిండు బరువుకు తగిన కట్టలు, ఒకరిద్దరే ప్రయాణించేటపుడు అవసరానికి మించి గట్టిగా ఉంటాయి.

దీనిని ఒక ఊహాత్మక లెక్కతో వివరించవచ్చు. ఒక స్ప్రింగుపై 200 కిలోల బరువు ఉన్నదని, అది ఒక మిల్లీమీటరు కుంగడానికి 40 న్యూటన్ల బలం కావాలని అనుకొందాం. అపుడు స్ప్రింగు 49 మి.మీ. కుంగుతుంది. గురుత్వ త్వరణాన్ని మీటర్లలోని ఈ కుంగుబాటుతో భాగించి, వర్గమూలం తీసి, 6.28తో భాగిస్తే సహజ పౌనఃపున్యం సుమారు 2.25 హెర్ట్జ్ అని తేలుతుంది. సుఖప్రయాణానికి రూపొందించిన కార్లలో ఇది సాధారణంగా 1 నుండి 1.5 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. ఇదే స్ప్రింగుపై 325 కిలోలు ఉంటే పౌనఃపున్యం 1.77కు తగ్గుతుంది. జనం నిండుగా ఎక్కినపుడు జిప్సీ కొంత మెత్తగా నడవడానికి కారణం ఇదే.

పట్టీల మధ్య రాపిడి: పట్టీలు ఒకదానిపై మరొకటి జారితేనే కట్ట వంగుతుంది. మట్టి, తుప్పు చేరినపుడు చిన్న కుదుపులు ఈ రాపిడిని అధిగమించలేవు. అపుడు కట్ట దాదాపు ఉక్కు దిమ్మెలా ప్రవర్తించి రోడ్డు అతుకులను సైతం నేరుగా ఛాసిస్‌కు చేరవేస్తుంది.

చక్రాల మధ్య దూరం: జిప్సీ ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 2375 మి.మీ. గంటకు 60 కి.మీ. వేగంలో ముందు చక్రాలు ఎక్కిన మిట్టను వెనుక చక్రాలు సెకనులో ఏడవ వంతు తరువాత ఎక్కుతాయి. ముందు భాగం ఊగుతుండగానే వెనుక భాగం ఊగడం మొదలై, వాహనం తొట్టిల వలె ముందుకు వెనుకకు ఊగుతుంది.

మార్పుల క్రమం

తక్కువ ఖర్చుతో, అసలు అమరికను మార్చకుండా చేయగల పనులతో ప్రారంభించడం మేలు. ఒక్కొక్క పని పూర్తయిన తరువాత అదే రోడ్డుపై, అదే బరువుతో నడిపి చూస్తే తరువాతి మెట్టు అవసరమా కాదా అన్నది తెలుస్తుంది.

1. టైర్లు: గాలి ఎక్కువైతే టైరు గట్టిబడి చిన్న కుదుపులన్నీ లోపలికి వస్తాయి. తయారీదారు సూచించిన పీడనాన్ని, టైర్లు చల్లగా ఉన్నపుడు సరిచూడాలి. సుఖం కోసం అంతకంటె తగ్గిస్తే టైరు వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది.

2. బుష్షులు: కట్ట కొనలలోను, షాకిళ్ళలోను ఉండే రబ్బరు బుష్షులు అరిగిపోతే లోహానికి లోహం తగిలి చప్పుడు వస్తుంది. వాటిని మార్చడంతోనే చాలా వాహనాలలో మార్పు కనిపిస్తుంది. పాలీయూరిథేన్ బుష్షులు ఎక్కువ కాలం మన్నుతాయి గాని రబ్బరుకంటె గట్టివి కనుక సుఖాన్ని పెంచవు.

3. కట్టల శుభ్రత: కట్టను విప్పి, తుప్పు తొలగించి, విరిగిన లేదా చదునైన పట్టీలను మార్చి, గ్రాఫైట్ గ్రీజు పూసి తిరిగి పేర్చుతారు. పట్టీల కొనల మధ్య నైలాన్ బిళ్ళలు ఉంచితే రాపిడి మరింత తగ్గుతుంది.

4. షాక్ అబ్జార్బర్లు: స్ప్రింగు ఊగుడును అణచి, ఆ శక్తిని వేడిగా మార్చేవి ఇవి. గుంతలరోడ్డుపై ఎక్కువసేపు నడిపితే వీటిలోని నూనె వేడెక్కి నురగ కడుతుంది. నైట్రోజన్ వాయువును పీడనంతో నింపిన రకాలలో ఈ నురగ తక్కువ. అయితే మరీ గట్టి షాక్ అబ్జార్బరు తానే కుదుపులకు కారణమవుతుంది. రాపిడి తగ్గించిన కట్టలకు మంచి షాక్ అబ్జార్బర్లు తప్పనిసరి. ఎందుకంటే అంతవరకు ఊగుడును కొంత అణచినది ఆ రాపిడే.

5. మెత్తని కట్టలు: మధ్యలో మందంగా, కొనల వైపు పలుచగా సాగే పారాబొలిక్ పట్టీలు తక్కువ సంఖ్యలోనే సరిపోతాయి. ఇవి మధ్యలోను, కొనలలోను మాత్రమే ఒకదానికొకటి తగులుతాయి. వీటిని నిత్యం మోసే బరువును లెక్కించి ఎంచుకోవాలి. పై లెక్కలో స్ప్రింగు గట్టిదనాన్ని 40 నుండి 25 న్యూటన్లకు తగ్గిస్తే ఖాళీ వాహనం పౌనఃపున్యం 1.78కు దిగుతుంది. కాని అదనపు 125 కిలోలు పడినపుడు కుంగుబాటు 31 మి.మీ.కు బదులు 49 మి.మీ. అవుతుంది. అంటే ఇరుసు రబ్బరు దిమ్మలకు తగిలే లోపు మిగిలే చోటు తగ్గుతుంది.

6. కాయిల్ స్ప్రింగులకు మార్పు: ఇది అన్నిటికంటె పెద్ద మార్పు. కాయిల్ స్ప్రింగు బరువును మాత్రమే మోస్తుంది. ఇరుసును పట్టి ఉంచడానికి కడ్డీలు, ప్రక్కకు జరగకుండా పాన్‌హార్డ్ రాడ్ విడిగా అమర్చాలి. ఇందుకు ఛాసిస్‌పై వెల్డింగు అవసరం. ఒక అతుకు విడిపోతే ఇరుసే స్థానం తప్పుతుంది. దినవారీ వాడకానికి ఈ మార్పు అరుదుగా మాత్రమే అవసరమవుతుంది.

అపోహలు

కట్టలో ఒకటి రెండు పట్టీలు తీసివేస్తే వాహనం మెత్తబడుతుందని కొందరు భావిస్తారు. మెత్తబడే మాట నిజమే. కాని మిగిలిన పట్టీలపై ఒత్తిడి పెరిగి అవి విరుగుతాయి. గట్టిగా బ్రేకు వేసినపుడు కట్ట ఎస్ ఆకారంలో మెలితిరుగుతుంది. ప్రధాన పట్టీ విరిగితే ఇరుసు ప్రక్కకు జరిగి వాహనం అదుపు తప్పవచ్చు.

వాహనం ఎత్తు పెంచితే సుఖం పెరుగుతుందన్నది మరొక అపోహ. ఎత్తు పెంచడం వలన రాళ్ళు క్రింది భాగానికి తగలవు గాని, గరిమనాభి పైకి జరుగుతుంది. వెడల్పు తక్కువైన జిప్సీ మలుపులలో బోల్తాపడే అవకాశం హెచ్చుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి కంపనాలు కూడా రావచ్చు.

అన్ని కుదుపులకు వాహనమే కారణం కాదు. భారతీయ రోడ్ల కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గంటకు 25 కి.మీ. వేగంతో దాటదగిన గుండ్రని స్పీడ్ బ్రేకరు వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెం.మీ. ఈ కొలత పాటించని ఇరుకైన మిట్టలపై ఏ సస్పెన్షనైనా కుదుపుతుంది. వేగం తగ్గించడమే దీనికి మార్గం.

భద్రత, చట్టం

మార్పు చేసిన తరువాత బ్రేకు గొట్టాలు ఇరుసు పూర్తిగా దిగినపుడు బిగుసుకోకుండా చూడాలి. చక్రాల అమరికను సరిచేయించి, కొన్ని వందల కిలోమీటర్ల తరువాత యు-బోల్టులను తిరిగి బిగించాలి. మొదటి పరీక్షను ఖాళీగాను, రెండవదానిని నిండు బరువుతోను జరపడం మంచిది.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019లో సవరణ ద్వారా చేర్చిన 182ఎ సెక్షను ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలుశిక్ష, లేదా రెండూ విధించవచ్చు. అరిగిన భాగాలను అదే రకపువాటితో మార్చడం మరమ్మతు క్రిందికి వస్తుంది. ఛాసిస్‌ను మార్చే పనులకు ముందు రవాణా శాఖ కార్యాలయంలో విచారించడం అవసరం.

ఇవి కూడా చూడండి

* జీపు
* షాక్ అబ్జార్బర్
* స్థితిస్థాపకత
* సరళ హరాత్మక చలనం